లోడు చూసే అద్దం

ఆ గురువారం మధ్యాహ్నానికి నా చేతిలో ఉన్న సరుకు ఇది: తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో స్వీట్ల అంగడి పైన ఒక మేడ గది, అందులో కదలని రేసు కార్లు నాలుగు, బాగా పనిచేసే ఏసీ ఒకటి, ఇష్టమైనప్పుడు పనిచేసే ఏసీ ఇంకొకటి, ఆదివారం బెంగళూరులో జరగబోయే ఫైనలుకు ఇద్దరు డ్రైవర్లను పంపే హక్కు. ఆ ఇద్దరు డ్రైవర్ల మధ్య మాత్రం వారం మొదటినుంచీ మాటల్లేవు.

కదలని కార్లంటే నవ్వకండి. సీటు, స్టీరింగు, కాళ్ల దగ్గర పెడళ్లు, ఎదురుగా నెలవంకలా వంచి పెట్టిన మూడు తెరలు. కూర్చున్నవాడు ఎక్కడికీ పోడు. కానీ దిగేసరికి చొక్కా వీపుకు అంటుకుని ఉంటుంది. పిల్లల ఆట కదా అని ఎక్కిన పెద్దమనుషులు రెండో మలుపులో గోడను గుద్ది, కళ్లు తిరుగుతున్నాయని కింద అంగడిలో నిమ్మసోడా తెప్పించుకున్నారు.

నగరిలో మరమగ్గాలు అమ్మేసి నేను ఈ వ్యాపారంలో దిగినప్పుడు మా ఆవిడ పంకజాక్షి ఒక్క మాట అడిగింది. "మగ్గం ఆడితే లుంగీ వస్తాది. ఈ కారు యాడికీ పోదు. ఏమొస్తాది దీంట్లో?" అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత జవాబులే మెట్లెక్కి వచ్చాయి. ఒకటి లోకేష్. బస్టాండు దగ్గర లాడ్జి నడిపేవాళ్ల అబ్బాయి, ఇంజనీరింగు చివరి సంవత్సరం. రెండోది మోనిక. పూతలపట్టు పిల్ల, లారీ డ్రైవరు మురుగేష్ కూతురు. పగలు ఒక ఆడిటరు ఆఫీసులో పని, సాయంత్రం మా గదిలో రేసు.

మోనికకు తొమ్మిదో ఏట మెదడు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మాట మాత్రం అప్పటికే వచ్చేసింది కాబట్టి నిలిచింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. మొదటి వారంలోనే నాతో, "మామా, ఆ మీసం కొంచెం కత్తిరించుకో. నీ మాటలు సగం అడివిలో పడిపోతాండాయి," అంది. కత్తిరించుకున్నాను. కొనేవాళ్లకు అంచు కనపడకపోతే బట్ట తిప్పి చూపిస్తాం. మీసం ఎంత?

పోయిన ఆదివారం సెమీఫైనలులో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ముగింపు దగ్గర పడుతుండగా మోనిక ముందు, లోకేష్ వెనక. కుడి మలుపు దగ్గర లోకేష్ లోపలివైపు నుంచి దూరాడు. మోనిక స్టీరింగు అతని మీదికే తిప్పింది. ఇద్దరూ గోడకు తగిలారు. పాత పాయింట్ల బలంతో ఫైనలుకు చేరాం గానీ, ఈ గురువారం మధ్యాహ్నం లోకేష్ గ్లోవ్సు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. "ఆమెతో నేను రేసు చెయ్యను. ఆమె అన్నా ఉండాల, నేనన్నా ఉండాల. సాయంత్రం ఆరులోగా పేర్లు పంపాల గదా, తేల్చుకో అన్నా," అన్నాడు. ఆ మాట గాలిలో ఉండగానే మెట్ల మీద మురుగేష్ చెప్పుల చప్పుడు వినిపించింది. మనం ఆగింది అక్కడ.

మురుగేష్ ఖాకీ చొక్కా మీద తువ్వాలు వేసుకుని, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర లోడు దింపి, కూతుర్ని ఆఫీసు దగ్గర ఎక్కించుకుని వచ్చాడు. గుమ్మంలో ఆగి మా ఇద్దరినీ చూశాడు.

"ఏమప్పా, సావింట్లో కూర్చున్నట్టు కూర్చోనుండారు? ఢిల్లన్నా, ఏసీ సచ్చిపోయిందా?"

"ఏసీ బతికే ఉంది. రా, కూర్చో," అన్నాను.

లోకేష్ లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్లంటే ఆ మర్యాద ఉంది అతనికి. "నమస్తే అంకుల్. మీకు బాధ కలిగించాలని కాదు. కానీ..." అంటూ ముఖం కిటికీవైపు తిప్పుకున్నాడు.

"ఇటు తిరిగి చెప్పు," అంది మోనిక. "నీ వీపుకి పెదాల్లేవు."

లోకేష్ తిరిగాడు. ముఖం ఎర్రబడింది. "సరే. నీకే చెప్తా. నువ్వు నన్ను చూసినావు. చూసే తిప్పినావు."

"చూళ్లేదు."

"నా ముందు చక్రం నీ తలుపు పక్కనుంది. లైట్లు వేసినా, ఆర్పినా, మళ్లీ వేసినా. మైకులో 'లోపలున్నా, లోపలున్నా' అని గొంతు పోయేట్టు అరిచినా."

"అరిచినావా?" అంది మోనిక. "ఎవురికి?"

లోకేష్ అరవడం తప్పేం కాదు. రేసులో పక్కనున్నవాడికి అలా చెప్పడం పద్ధతి. మిగతా డ్రైవర్లందరికీ చెవిలో ఒక గొంతు కూడా ఉంటుంది. ఎడమ పక్క కారుంది, కుడి పక్క ఖాళీ అని యంత్రమే చెబుతూ పోతుంది. తెర మీద బాణం గుర్తులు వచ్చే సదుపాయం ఉంది గానీ, ఈ పోటీలో దాన్ని వాడనివ్వరు. అందువల్ల మోనికకు ఉన్నవి అద్దాలే. నడుమ ఒకటి, పక్కలకు రెండు.

"మా బిడ్డ అబద్దం చెప్పదు," అన్నాడు మురుగేష్. అతను ఇంకా కూర్చోలేదు. "ఆ అద్దాలు పెట్టింది ఎవురనుకున్నావు? నేను. మొదటి దినం ఈడికొచ్చి నా సేత్తో పెట్టిచ్చినా. ఇరవై ఏండ్లకి పైగా బండి తోల్తాండా. నేను పెట్టిన అద్దంలో సీమ పోయినా కనపడాల."

"అయితే నన్నెందుకు చూళ్లేదు అంకుల్? నేను చీమ కన్నా పెద్దోణ్ణే గదా?"

మాట పెరిగేటట్టుంది. తీసుకుపోయిన బట్ట వెనక్కి తెచ్చి కోపంగా నిలబడ్డవాడితో నేనెప్పుడూ వాదన పెట్టుకోలేదు. బట్ట విప్పి వెలుతురుకు పట్టమంటాను. లోపం ఉంటే ఇద్దరికీ ఒకేసారి కనపడుతుంది, లేకపోతే ఇద్దరికీ ఒకేసారి కనపడదు. ఎవరి మాటా ఎవరూ నమ్మక్కర్లేదు.

"ఆ రోజు ఆట మళ్లీ వేస్తాను. అందరూ ఇటు రండి," అన్నాను.

మొదట బయటినుంచి చూశాం. పై నుంచి పక్షి చూసినట్టు రోడ్డు, మోనిక ఎర్ర కారు, దాని కుడివైపు కొంచెం వెనగ్గా లోకేష్ నీలం కారు. నీలం కారు లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. ఎర్ర కారు ఏమీ ఎరగనట్టు మలుపులోకి వంగింది. దుమ్ము.

"చూసినారా?" అన్నాడు లోకేష్.

మురుగేష్ వచ్చి కూతురు ముందు నిలబడి, తన పెదాలు ఆమెకు కనపడేటట్టు అడిగాడు. "మోనీ, ఇదేంది మే? లైట్లు ఏస్తానే ఉండాడే."

"నాయనా, నాకు కనపడలే. నీ మీద ఒట్టు. మీకు ఇప్పుడు కనపడేది నాకు అప్పుడు కనపడలే." ఆమె గొంతు వణికింది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి దాన్ని దాచుకోవడం ఆమెకు తెలియదు.

ఇంకో మార్గం ఉంది. ఆ కారులోపల, ఆమె సీట్లో కూర్చుని చూసినట్టు చూపించమని యంత్రాన్ని అడగవచ్చు. మా దగ్గర ఎవరి పేరు నొక్కితే వాళ్ల సీటూ, వాళ్ల అద్దాలూ వస్తాయి. ఒకరి అమరికలో ఇంకొకరు వేలు పెట్టరు. అందుకే అప్పటిదాకా మోనిక కారు లోపలినుంచి ఎవరూ లోకాన్ని చూడలేదు. నేను నొక్కాను. గుద్దుకోవడానికి కాస్త ముందు ఆపాను.

కుడి అద్దంలో నల్లగా ఒక టైరు. దాని పైన ఎర్రగా కారు ఒళ్లు. అద్దం అంతా అదే. బయటి అంచున మాత్రం జడకు కట్టుకునే రిబ్బనంత వెడల్పున రోడ్డు. ఆ రిబ్బనులో నీలం రంగు లేదు.

లోకేష్ తెర దగ్గరికి వంగాడు. "నేనేడున్నా?" అన్నాడు. అతనికి కోపం పోయి ఆశ్చర్యం వచ్చింది. ఎడమ అద్దం చూశాడు. అక్కడా అంతే, టైరు, ఒళ్లు. "ఇదేం అద్దమన్నా? అంతా తన బండే ఉంది. ఇన్నాళ్లూ ఎట్లా నడిపింది?"

"ముందుండేది కాబట్టి," అన్నాను. "ఆమె పక్కకు వచ్చేంత వేగం మన గదిలో నీకు తప్ప ఎవరికీ లేదు. నీకైనా ఈ నెలలోనే వచ్చింది."

లోకేష్‌కు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాడు. "ఎవరన్నా ఇట్లా పెడతారా?"

"నేను పెడతా," అన్నాడు మురుగేష్. "యాల నవ్వుతావప్పా? లారీకి ఇట్లనే పెడతారు. నువ్వు ఏ డ్రైవరునన్నా అడుగు. ఎనక టైరు కనపడాల, లోడు మీద పట్ట కట్టిన తాడు కనపడాల. భాకరాపేట ఘాట్‌లో లోడు బండి నడకతో సమానంగా ఎక్కతాది. ఎవుడో ఒగడు ఎనకనుంచి ఎగబాకి తాడు కోసినాడనుకో, మూటలు ఒగటొగటే దింపేస్తాడు. మనం పైకి పోయినాక సూసుకుంటే సగం బండి కాళీ. టైరులో గాలి దిగినా అంతే. అద్దం ఉండేది మన లోడు మనం కాపాడుకునేదానికప్పా. ఎనకొచ్చే బండితో మనకేం పని? వానికి తొందరుంటే వాడే హారన్..."

మాట అక్కడ తెగిపోయింది.

మోనిక తండ్రి పెదాలనే చూస్తూ ఉంది. ఆ పెదాలు ఆగిపోయేసరికి, "వానికి తొందరుంటే? చెప్పు నాయనా. ఆపేసినావే," అంది.

మురుగేష్ లోకేష్‌ను చూశాడు, నన్ను చూశాడు, చివరికి కూతుర్ని చూశాడు. వాడే హారన్ కొడతాడు అని పెదాలు కదిపాడు. గొంతు రాలేదు. మాకు వినపడలేదు. ఆమెకు ఎప్పటిలాగే అందింది.

మోనిక తెరవైపు తిరిగి, ఆగిపోయిన ఆ బొమ్మలో కుడి అద్దాన్ని వేలితో తాకింది.

"చిన్నప్పుడు క్యాబిన్‌లో నీ పక్కన కూర్చున్నప్పుడు కూడా అద్దంలో ఇదే కనపడేది," అంది. "టైరు తిరగతా ఉంటే అంతా బాగుండాది అనుకునేదాన్ని. ఇన్ని దినాలూ నేను మన బండినే చూస్తా ఉండినానా నాయనా?"

మురుగేష్ స్టూలు మీద కూలబడ్డాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నా బిడ్డకి సెవుల్లేవని పూతలపట్టంతా తెలుసు," అన్నాడు తువ్వాలులోంచి. "నాకే తెల్దు."

వ్యాపారంలో రెండు రకాల నష్టం ఉంటుంది. సరుకే పాడైంది ఒకటి. మంచి సరుకే తనది కాని ఊరికి పోయింది ఇంకొకటి. మేం నేసే పెద్దంచు లుంగీలు ఒకసారి పొరపాటున చిన్నంచు అడిగే ఊరికి పోయాయి. మూటలు విప్పకుండానే తిరిగివచ్చాయి. నేతలో తప్పు లేదు, రంగులో తప్పు లేదు. మురుగేష్ అద్దం అటువంటిది. ఘాట్ మీద అతని లోడు కాపాడిన అద్దం అది. చెవులున్నవాడి అద్దం. అది చెప్పాను అతనికి. విన్నాడో లేదో తెలియదు, తువ్వాలు తీయలేదు.

లోకేష్ బల్ల మీద గ్లోవ్సు తీసుకుని చేతుల్లో తిప్పుతున్నాడు. వెళ్లిపోతాడేమో అనిపించింది. బేరం అక్కడే మొదలుపెట్టాలి, గుమ్మం దాటాక కాదు.

"లోకేష్, నీ పేరు ముందు రాస్తాను. అందులో మాట లేదు," అన్నాను. "రెండో పేరు ఏదో తేలడానికి నాకు కాసేపు నీ కారు కావాలి."

"ఏం చెయ్యాల?"

"ఆమె వెనకనుంచి వచ్చి పక్కగా దాటిపో. మళ్లీ వెనక్కి రా. మళ్లీ దాటు. మెల్లిగా."

"మెల్లిగానా?"

"అదే కదా నీకు చేతకానిది. అందుకే అడుగుతున్నాను."

అతను గ్లోవ్సు తొడుక్కున్నాడు. సీట్లో కూర్చోబోయి ఆగి, మోనిక ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ముందు అద్దాలు కాదు. ముందు సీటు. నువ్వు చాలా పైన కూర్చున్నావు. అది కూడా లారీయేనా?"

"అదీ లారీనే," అన్నాడు మురుగేష్ తువ్వాలు వెనకనుంచి.

మోనిక నవ్వింది. ఆ మధ్యాహ్నం ఆమె నవ్వడం అదే మొదలు.

లోకేష్ ఓపిగ్గా చెప్పాడు. సీటు కదిలితే అద్దంలో బొమ్మంతా కదులుతుంది, కాబట్టి సీటు తేలకముందు అద్దం తాకకూడదు. సీటు కిందికి దించి, కొంచెం ముందుకు జరిపారు. తర్వాత నడుమ అద్దం. వెనక కిటికీ మొత్తం అందులో పట్టాలి, దూరాన రోడ్డు ఆకాశాన్ని తాకే గీత అద్దం నడిమధ్యలో ఉండాలి. ఆ తర్వాత పక్క అద్దాలు. స్టీరింగు మీద బాణం మీటను నొక్కితే అద్దం కొద్దికొద్దిగా బయటికి తిరుగుతుంది. టైరు పోయింది. ఎర్ర ఒళ్లు తరిగింది. రోడ్డు వెడల్పయింది.

"ఎంతదాకా?" అంది మోనిక.

"నీ కారు కొంచెం కనపడితే చాలు," అన్నాడు లోకేష్.

"కొంచెం అంటే?"

అది నా భాష. "లోపలి అంచున ఒక పోగంత," అన్నాను. "అంతకన్నా వద్దు. అసలు లేకుండానూ వద్దు. పోగు కూడా లేకపోతే అద్దం ఎటు చూస్తోందో నీకు గుర్తు ఉండదు."

ఆమె పోగంత మిగిలేదాకా తిప్పింది. కారు నడిపించి నాలుగు గజాలు పోకముందే బ్రేకు తొక్కింది. "నాయనా, నా బండి లేదు. బండి యాడ పోయింది?"

అప్పుడు లేచాడు మురుగేష్. తువ్వాలు భుజం మీద వేసుకుని, ఆమె సీటు పక్కకు వచ్చి వంగి, ముఖం చూపించాడు. "నీ బండి యాడికీ పోదు. నువ్వు దాంట్లోనే కూర్చోని ఉండావు గదా, ఎర్రిదానా. పో."

ఆమె పోనిచ్చింది.

లోకేష్ పక్క సీటులోంచి నీలం కారును ఆమె వెనక్కి తెచ్చాడు. నడుమ అద్దంలో కనిపించింది. కుడివైపు జరిగాడు. నడుమ అద్దంలోంచి జారిపోయింది. ఎక్కడా లేదు. కాసేపటికి కుడి అద్దంలో తేలింది. ఆ కాసేపే గండం. నడుమ అద్దం వదిలేలోపే పక్క అద్దం పట్టుకోవాలి, పక్క అద్దం వదిలేలోపే కుడి తెరలో కారు ముక్కు కనపడాలి. చేతి నుంచి చేతికి బిందె అందించినట్టు. నడుమ నేల మీద పెట్టకూడదు.

ఇంకో చిక్కు వచ్చింది. లోకేష్ "ఇప్పుడు నీ టైరు పక్కనున్నా," అని చెప్పాలంటే ఆమె అతని పెదాలు చూడాలి. పెదాలు చూస్తే అద్దం చూడలేదు. మురుగేష్ అది గమనించాడు. రెండు సీట్ల వెనక నిలబడితే లోకేష్ తెర అతనికి కనపడుతుంది. నీలం కారు ముక్కు ఎర్ర కారు వెనక టైరు పక్కకు రాగానే కూతురి కుడి భుజం తట్టాడు.

మొదటిసారి తట్టిన తర్వాతే అద్దంలో కారు కనపడింది. మోనిక అడ్డంగా తల ఊపి మీట నొక్కింది. అద్దం వెంట్రుకవాసి లోపలికి వచ్చింది. లోకేష్ వెనక్కి తగ్గి మళ్లీ వచ్చాడు. తట్టు, అద్దం రెండూ ఒకేసారి. మళ్లీ నొక్కింది. ఈసారి తండ్రి చెయ్యి లేచేలోపే, చూశానన్నట్టు ఆమె కుడిచేతి వేలు స్టీరింగు మీద లేచింది.

"పట్టేసింది అన్నా," అన్నాడు లోకేష్ నాతో.

మురుగేష్ చెయ్యి గాలిలోనే ఉంది. తట్టడానికి పని లేక దాన్ని ఏం చేయాలో తెలియనట్టు చూసుకున్నాడు.

ఎడమవైపూ అలాగే సరిచేశారు. అయిపోయిందనుకుంటుండగా లోకేష్ ఒక కొంటెపని చేశాడు. కుడివైపు వస్తున్నట్టు వచ్చి, చెప్పాపెట్టకుండా ఎడమకు దూకాడు. మురుగేష్ ఇంకా కుడి భుజం దగ్గరే కాచుకుని ఉన్నాడు. మోనిక ఎడమచేతి వేలు లేచింది.

"అది ఎడమ సెయ్యి మే," అన్నాడు మురుగేష్, ఆమె చూడటం లేదని మరిచిపోయి. తర్వాత లోకేష్ తెర చూశాడు. నీలం కారు ఎడమవైపే ఉంది. "ఓర్నీ," అని నావైపు తిరిగాడు. "నాకన్నా ముందు సూసింది ఢిల్లన్నా."

"ఇప్పుడు అసలైంది," అన్నాడు లోకేష్. ఆదివారం నాటి రోడ్డు వేశాడు. అదే కుడి మలుపు, అదే వేగం. లోపలినుంచి దూరాడు. ఆమె తిప్పబోయిన స్టీరింగు సగంలో నిలిచింది. ఎర్ర కారు లోపలివైపు ఒక కారు పట్టేంత చోటు వదిలి వంగింది. రెండు కార్లూ పక్కపక్కనే మలుపు తిరిగాయి. ఒకదానికి ఒకటి తగల్లేదు. నేరుగా ఉన్న రోడ్డు మీదికి వచ్చాక ఆమె అతన్ని దాటేసి ముందుకు పోయింది.

లోకేష్ సీట్లోంచి లేచి ఆమె ఎదురుగా వచ్చాడు. "చోటిచ్చినావు," అన్నాడు.

"చోటే ఇచ్చినా," అంది మోనిక. "గెలుపు ఇయ్యలే."

అతను నవ్వి తల గోక్కున్నాడు. "అరిచింది నీకు వినపడదని నాకు తట్టలేదు. కోపంలో అది గుర్తే రాలేదు," అన్నాడు. "అన్నా, రెండు పేర్లూ పంపించు. ఆరు కావస్తోంది."

పంపించాను. స్వీట్ల అంగడి నుంచి మైసూరుపాకు తెప్పిద్దామని లేస్తుండగానే ఫోన్ మోగింది. పోటీ నడిపేవాళ్ల తరఫున రూపశ్రీ అనే ఆవిడ. మర్యాదగా మాట్లాడింది. ఫైనలులో ప్రమాదం జరిగితే నెమ్మదించండి, దాటకండి, ఆగండి అనే ఆజ్ఞలన్నీ హెడ్‌సెట్టులోనే వస్తాయట. పిలిస్తే పలకని డ్రైవరును అక్కడికక్కడే పక్కకు తీస్తారట. "మీ రెండో డ్రైవరుకు వినికిడి లేదని రాశారు. ఏం చేద్దాం సార్?"

మురుగేష్ చేతిని చూశాను. భుజం తట్టి ఆజ్ఞ అందించే మనిషి ఒకరు వెనక కూర్చుంటే ఒప్పుకుంటారా అని అడిగాను. ఆవిడ ఎవరినో సంప్రదించి వచ్చింది. ఒప్పుకుంటారు. కాకపోతే శనివారం పొద్దున ప్రాక్టీసు నుంచి ఆదివారం చివరిదాకా ఒకే మనిషి ఉండాలి, మధ్యలో మార్చకూడదు. మేనేజరుగా నేను వేరే గదిలో ఉండాలి కాబట్టి నేను పనికిరాను.

ఫోన్ పెట్టేసి అందరికీ చెప్పాను, మోనికవైపు తిరిగి.

"నాయన ఉండాడు గదా," అంది ఆమె, అది కూడా అడగాల్నా అన్నట్టు.

"నేనుండా," అన్నాడు మురుగేష్. "స్లో, స్టాప్ అంతే గదా? అవి రోడ్డు మీద బోర్డులే. హిందీలో తిట్టినా నాకు అర్థమైతాది. రెండు బుజాలకి రెండు సేతులుండాయి నాకు." తువ్వాలు దులిపి మళ్లీ వేసుకున్నాడు. మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చిన మురుగేష్ మళ్లీ కనిపించాడు.

అప్పుడు అతని జేబులో ఫోన్ మోగింది. తెర మీద పేరు నాకూ కనపడింది. వెంకటేశ్వర్లు, లారీ యజమాని. మురుగేష్ బొత్తాం నొక్కగానే ఆ గొంతు మా అందరికీ వినిపించింది, మోనికకు తప్ప. "మురుగేషూ, రేపు సాయంత్రానికి గూడూరులో ఉండాల. నిమ్మకాయల లోడు, ఢిల్లీకి. ఇంకో డ్రైవరు లేడు. కాయ ఆగదు, తెలుసు గదా నీకు."

మోనికకు జ్వరం వచ్చిన రాత్రి తన సొంత కారులో ఆమెను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయినవాడు ఆ వెంకటేశ్వర్లు. చెవులు పోయినా ప్రాణం దక్కింది ఆయన వల్లనే అని మురుగేష్ నాతో ఎన్నోసార్లు చెప్పాడు. ఆయనకు కాదనే మాట ఇంతవరకూ అతని నోట రాలేదు.

"ఎవురు నాయనా?" అంది మోనిక.

"ఊరికే," అన్నాడు మురుగేష్. ఫోన్ చెవికి పెట్టుకుని గుమ్మం దాటి మెట్ల మలుపు దాకా పోయాడు. అక్కడ ఆగి, తన పెదాలు కూతురికి కనపడకుండా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నాకు పొద్దుపోయేలోపు లెక్క కట్టుకునే అలవాటు. ఆ రోజు వచ్చింది తక్కువేం కాదు. మధ్యాహ్నం వద్దన్నవాడు సాయంత్రానికి రెండు పేర్లూ పంపమన్నాడు. చెవుల్లేని పిల్లకు కుడి పక్కా ఎడమ పక్కా లోకం కనపడింది. తండ్రి కన్నా ముందు కనపడింది. ఒక మంచి డ్రైవరు, తనకు తెలిసినదంతా కూతురికి సరిపోదని తెలిసికూడా, లేచి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఇంత రాబడి నగరిలో ఏ పండుగ సీజనులోనూ నేను చూడలేదు. దాన్ని నిలబెట్టుకోవడానికి ఏం వదులుకోవాలో మాత్రం మురుగేష్ ఇటు తిరిగి చెప్పాలి. అతను ఇంకా గోడవైపే ఉన్నాడు.